పీఈ 6లో కొని మునిగాను. ఈ "పదేళ్ళ లాభాల" లెక్క నిజంగా పనికొస్తుందా?

కర్నూలు_కిరణ్
2022 జూన్‌లో ఒక ఫెర్రో ఎల్లాయ్స్ (ఉక్కు తయారీలో కలిపే మిశ్రమ లోహాలు) కంపెనీ షేరు 420కి కొన్నాను. అప్పుడు ఈపీఎస్ (షేరుకి వచ్చిన ఏడాది లాభం) 70, అంటే పీఈ (రేటుని ఆ లాభంతో భాగిస్తే వచ్చేది) 6. మా ఆఫీసులో అందరూ 60, 70 పీఈ ఉన్నవి ఎగబడి కొంటుంటే నేను ఆరుకే పట్టానని తెగ మురిసిపోయాను. ఇవాళ రేటు 165. పడింది, సరే, మింగుతాను. నా బుర్ర తిరిగింది వేరే చోట. ఇవాళ అదే షేరుకి పీఈ 41 అని చూపిస్తోంది! రేటు 60 శాతం పడితే పీఈ ఏడు రెట్లు పెరగడమేమిటండీ? అప్పుడు చౌకా, ఇప్పుడు ఖరీదా?

మా సీనియర్ ఒకాయనతో చెప్పుకుంటే "ఒక్క ఏడాది లాభం చూస్తే ఇంతే. పదేళ్ళ లాభాల్ని ఇవాళ్టి రూపాయల్లోకి మార్చి సగటు తియ్యి, దాంతో రేటుని భాగించు" అని చెప్పి, టీ తాగేసి వెళ్ళిపోయారు. ఎలా మార్చాలి, ఏ సగటు, ఎవరైనా విడమర్చి చెప్తారా?

నిఫ్టీ_నాని
ఈపీఎస్ 70 నుంచి 4కి పడి ఉంటుంది. 165ని 4తో భాగిస్తే 41. లెక్క కరెక్టే బ్రో, ఏడుపే మిగిలింది.

మోడరేటర్
కంపెనీ పేరు ఎవరూ ఊహించి రాయొద్దు. కొనమని, అమ్మమని సలహాలు కూడా వద్దు. లెక్క గురించి ఎంతసేపైనా మాట్లాడుకోండి.

గుంటూరు_మిర్చి
మీకు జరిగింది మా బాబాయికి పొలంలో జరిగింది. 2023లో మిర్చి క్వింటా 20 వేలు దాటింది కదా, ఆ ఊపులో పక్క పొలం ఎకరా 50 వేలకి కౌలు ఒప్పుకున్నాడు. "ఎకరాకి ఇంత మిగులుతుంటే 50 వేలు ఒక లెక్కా" అన్నాడు. 2025 వచ్చేసరికి రేటు సగానికి దిగింది, కేంద్రం క్వింటాకి 11,781 అని జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చింది. మా తాత అప్పుడే మొత్తుకున్నాడు, పదేళ్ళలో ఆ పొలం మీద ఎంత మిగిలిందో చూసి కౌలు కట్టరా అని. మీ సీనియర్ చెప్పింది కూడా మా తాత మాటే.

ఎఫ్‌డీ_తాతయ్య
అందుకే నేను ఎఫ్‌డీ దాటి రాను. నాకు పీఈ లేదు, బీపీ లేదు.

పాతకాగితం
మిర్చి గారి తాతగారు చెప్పినదే 1934లో బెంజమిన్ గ్రాహం, డేవిడ్ డాడ్ రాశారు. 1929లో అమెరికా మార్కెట్ కుప్పకూలడం కళ్ళారా చూసిన మనుషులు. ఒక్క ఏడాది లాభం నమ్మొద్దు, కనీసం 5 ఏళ్ళది, వీలైతే 7 లేక 10 ఏళ్ళ సగటు తియ్యండి అన్నారు. వాళ్ళు ద్రవ్యోల్బణం సర్దుబాటు అడగలేదు.

ఆ ముక్క తర్వాత కలిసింది. 1988లో జాన్ క్యాంప్‌బెల్, రాబర్ట్ షిల్లర్ పదేళ్ళ లాభాల్ని ధరల సూచీతో ఈ రోజు విలువకి మార్చి సగటు తీశారు. దాన్నే ఇప్పుడు కేప్ అనీ, షిల్లర్ పీఈ అనీ అంటున్నాం. అమెరికా లాభాల లెక్కలు 1871 నుంచి ఉన్నాయి కాబట్టి పదేళ్ళు పోగా 1881 నుంచి గీత గీయొచ్చు. పొడుగాటి సగటు 17 చుట్టూ. 1929 పతనానికి ముందు 32 దాటింది, 1999 డిసెంబర్‌లో 44, 1982లో 7 కంటే తక్కువ.

కిరణ్ గారికి జరిగిన వింత మొత్తం అమెరికా మార్కెట్‌కే జరిగింది. 2009 మార్చిలో షేర్ల సూచీ అడుగున ఉంది. కానీ బ్యాంకుల నష్టాల వల్ల ఎస్ అండ్ పీ 500 (అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ) కంపెనీల ఏడాది లాభం అడుగంటిపోయి, ఆ వసంతంలో మామూలు పీఈ 100 దాటింది. పీఈ చూసినవాడు "అమ్మో, ఇంత ఖరీదా" అని పారిపోవాలి. అదే మార్చిలో కేప్ 13 చూపించింది.

కర్నూలు_కిరణ్
అయితే మొత్తం మార్కెట్ అడుగునున్నప్పుడు పీఈ ఆకాశంలో ఉందన్నమాట. నా ఒక్కడి తెలివితక్కువ కాదు. కొంచెం ప్రాణం లేచొచ్చింది.

సీఏ_సుబ్బు
కిరణ్, నీ కంపెనీ 2012-13 నుంచి ఈపీఎస్‌లు ఇక్కడ పెట్టు. కన్సాలిడేటెడ్ (పిల్ల కంపెనీలతో కలిపి) ఉంటే అదే, లేకపోతే స్టాండలోన్ (ఆ ఒక్క కంపెనీది). రెండూ కలపకు. నేను చేసి చూపిస్తాను.

ద్రవ్యోల్బణానికి సులువు దారి ఒకటుంది, ఆదాయపు పన్ను వాళ్ళ కాస్ట్ ఇన్‌ఫ్లేషన్ ఇండెక్స్. 2001-02 = 100. 2012-13కి 200, 2021-22కి 317, 2024-25కి 363. ఇండెక్సేషన్ (ఆస్తి అమ్మినప్పుడు కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచి పన్ను లెక్కకట్టడం) తీసేశాక ఆ పట్టికకి పని లేకుండా పోయింది, మనమైనా వాడుకుందాం.

లక్ష్మి_బెజవాడ
పూర్తిగా తీసేయలేదు సుబ్బు గారూ. 2024 జులై 23కి ముందు కొన్న స్థలాలు, ఇళ్ళకి ఇంకా ఎంచుకోవచ్చు. మా అపార్ట్‌మెంట్ అమ్మినప్పుడు వాడాను.

సీఏ_సుబ్బు
ఒప్పుకున్నాను మేడమ్. నా పొట్ట కొట్టకండి.

కర్నూలు_కిరణ్
ఇవిగో. పాత వార్షిక నివేదికలు పీడీఎఫ్‌లు తెరిచి తీశాను, రెండు గంటలు పట్టింది.

2012-13: 6
2013-14: 4
2014-15: మైనస్ 3
2015-16: మైనస్ 8
2016-17: 9
2017-18: 14
2018-19: 12
2019-20: 3
2020-21: 21
2021-22: 70
2022-23: 18
2023-24: మైనస్ 5
2024-25: 4

నిఫ్టీ_నాని
2021-22 ఒక్కటే తాటిచెట్టులా నిలబడింది, మిగతాదంతా గడ్డి.

సీఏ_సుబ్బు
ముందు నువ్వు కొన్న రోజుకి వెళ్దాం. అప్పటికి చేతిలో ఉన్నవి 2012-13 నుంచి 2021-22 దాకా. ప్రతి ఏడాది ఈపీఎస్‌ని 317తో గుణించి ఆ ఏడాది సూచీతో భాగించాలి. 2012-13లో 6 అంటే 6 × 317 ÷ 200 = 9.5. నష్టాన్నీ అలాగే మార్చాలి, వదిలేయకూడదు. 2015-16లో మైనస్ 8కి మైనస్ 10 వస్తుంది (ఆ ఏడాది సూచీ 254). పదీ కలిపితే 137.5, సగటు 13.75.

420 ÷ 13.75 = 30.5.

నువ్వు పీఈ 6 అనుకుని కొన్న షేరు పదేళ్ళ లెక్కలో 30కి కొన్నావు.

ఇప్పుడు ఇవాళ్టికి రా. మన పదేళ్ళ కిటికీ ముందుకి జరిగింది, 2015-16 నుంచి 2024-25. 363కి మారిస్తే మొత్తం 163, సగటు 16.3. 165 ÷ 16.3 = 10. మామూలు పీఈ 6 అన్నప్పుడు ఇది 30 అంది, అది 41 అంటున్నప్పుడు ఇది 10 అంటోంది. తలకిందులు.

కర్నూలు_కిరణ్
నోట మాట రావట్లేదు. 2022లో ఈ ఒక్క భాగహారం చేసుంటే...

డల్లాస్_బావ
చేసినా కొనేవాడివే. అప్పుడు "స్టీల్ డిమాండ్ ఈసారి వేరే లెవెల్" అని యూట్యూబ్‌లో ఎవడో చెప్పుంటాడు.

కర్నూలు_కిరణ్
చెప్పాడు 😐

వైజాగ్_వెల్డర్
నేను ఫెర్రో ప్లాంటులో మెయింటెనెన్స్ చేశాను, ఎనిమిదేళ్ళు. 2021 సెప్టెంబర్, అక్టోబర్‌లలో చైనాలో కరెంటు కోతలు పెట్టారు. అక్కడి కొలిమిలు ఆగాయి, ఇక్కడ మాల్ రేటు రెక్కలొచ్చి ఎగిరింది. మాకు కరెంటు బిల్లే ప్రాణం. కరెంటు రేటు అదే, ఖనిజం రేటు కాస్త పెరిగింది, అమ్మకం రేటు మాత్రం ఎక్కడికో పోయింది. తేడా మొత్తం లాభమే. లారీలు గేటు దగ్గర రెండు రోజులు క్యూలో నిలబడేవి. అదే 2015లో ఒక కొలిమి చల్లారబెట్టి కూర్చున్నాం, కరెంటు కట్టి కరిగిస్తే నష్టం, ఆపితే తక్కువ నష్టం. లోపల పనిచేసిన ఎవడికీ ఆ 70 ఏటేటా వస్తుందన్న భ్రమ లేదు. మా మేనేజర్ ఆ ఏడాదే తన షేర్లు అమ్మి ఇల్లు కట్టాడు.

గుంటూరు_మిర్చి
మీ మేనేజర్ మా తాతకి చుట్టమేమో కనుక్కోండి.

నంబర్_నరేష్
సుబ్బు గారి లెక్కలో నాకో సందేహం. ద్రవ్యోల్బణం సర్దకుండా ఉత్త సగటు తీశాను. మొదటి కిటికీ మొత్తం 128, సగటు 12.8, పీఈ 33. మీ 30.5కీ దీనికీ పెద్ద తేడా లేదు. మరి ఈ సూచీ తలనొప్పి ఎందుకు? పని చేసింది సగటే కదా.

సీఏ_సుబ్బు
ఈ కంపెనీకి నువ్వన్నది నిజం, ఎందుకంటే పాత ఏళ్ళలో లాభమే లేదు. సున్నాని దేంతో గుణించినా సున్నాయే. ఏటా నిలకడగా సంపాదించే కంపెనీ తీసుకో. 2012-13లో 10 రూపాయలు, 2021-22లో 15.85. చార్టు చూస్తే పదేళ్ళలో 58 శాతం పెరిగిందని మురిసిపోతాం. సూచీ 200 నుంచి 317కి వెళ్ళింది, అదీ 58 శాతమే. ఆ కంపెనీ పైసా ఎదగలేదు, ఉన్నచోటే ఉంది. ఉత్త సగటు తీస్తే ఆ పాత పది రూపాయలు చిన్నగా కనిపించి, షేరు అనవసరంగా ఖరీదుగా కనిపిస్తుంది. అమెరికాలో 1980లో ద్రవ్యోల్బణం 13 శాతం దాటింది. అలాంటి దశాబ్దానికి సూచీ లేకుండా సగటు తీస్తే అర్థమే ఉండదు.

నంబర్_నరేష్
సరే. కానీ మీ సూచీకే ఒక చిల్లు ఉంది. కాస్ట్ ఇన్‌ఫ్లేషన్ ఇండెక్స్ పట్టణ వినియోగ ధరల పెరుగుదలలో 75 శాతాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. పన్ను కోసం కావాలనే తక్కువ పెట్టారు. అసలు ధరల పెరుగుదల ఇంకా ఎక్కువ. గణాంక శాఖ వాళ్ళ సీపీఐ (వినియోగ ధరల సూచీ) 2011 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుకి పారిశ్రామిక కార్మికుల సూచీ వాడాలి, దాని ఆధార సంవత్సరం మారినప్పుడల్లా అతుకు వేసుకోవాలి.

సీఏ_సుబ్బు
ఇరవై ఏళ్ళుగా ఆ పట్టిక వాడుతున్నాను, ఇక్కడ తప్పు పట్టించుకున్నాను. నరేష్ చెప్పింది వాడండి. నాది ఉజ్జాయింపు లెక్క.

ఎఫ్‌డీ_తాతయ్య
ధరలు పెరిగేదానికంటే తక్కువ చూపించే సూచీ పెట్టి జనం దగ్గర ఎక్కువ పన్ను తీసుకున్నారన్నమాట. ఈ వయసులో తెలిసింది.

టెక్_తేజ
నాకు ఈ పద్ధతి మీద నమ్మకం పోయింది. ఇన్ఫోసిస్ మీద ప్రయత్నించాను. 2013-14లో ఈపీఎస్ 186, 2024-25లో 64. లాభం మూడో వంతుకి పడిపోయిందా? అంత దారుణంగా ఉంటే మా మావయ్య ఇంకా అక్కడ ఎందుకున్నాడు?

లక్ష్మి_బెజవాడ
తేజా, బోనస్‌లు (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు) మర్చిపోయావమ్మా. 2014లో 1:1, 2015లో 1:1, 2018లో 1:1. ఒక పాత షేరు ఇప్పుడు ఎనిమిది షేర్లు. 186ని 8తో భాగిస్తే 23. సుబ్బు గారి పట్టిక ప్రకారం 220 నుంచి 363కి మారిస్తే 38. అంటే అసలు ఎదుగుదల 38 నుంచి 64. పదకొండేళ్ళకి ఏటా 5 శాతం కంటే కొంచెం తక్కువ, ద్రవ్యోల్బణం పోను. మీ మావయ్య ఉద్యోగం భద్రం.

నేనూ ఈ తప్పే చేశాను. మన హైదరాబాద్ అవంతి ఫీడ్స్ 2018లో 2 రూపాయల ముఖవిలువ ఉన్న షేరుని రెండు చేసి, పైన రెండుకి ఒకటి బోనస్ ఇచ్చింది. ఒకటి మూడైంది. అంతకు ముందు ఈపీఎస్‌లన్నీ 3తో భాగించకుండా సగటు తీసి, "అబ్బ ఎంత చౌకో" అని మా వారికి లేపి మరీ చూపించాను. ఆయన అర్ధరాత్రి ఒక్క మాట అన్నారు, "నిన్న ఇంత చౌకగా లేదు కదా" అని.

నిఫ్టీ_నాని
మీ వారిని ఈ గ్రూపులో చేర్చండి మేడమ్.

టెక్_తేజ
థాంక్యూ అక్కా. కానీ నా అసలు ప్రశ్న ఇంకా ఉంది. ఎదిగే కంపెనీకి పదేళ్ళ సగటు అన్యాయం కదా? పదేళ్ళ కిందటి ఇన్ఫోసిస్, ఇవాళ్టి ఇన్ఫోసిస్ ఒకటేనా? 38, 40, 45, 64 అన్నీ కలిపి సగటు తీస్తే ఎప్పుడూ ఖరీదే అని వస్తుంది.

పాతకాగితం
అవును, వస్తుంది. అందుకే షిల్లర్ దాన్ని షేర్ల సూచీ మొత్తానికి కట్టాడు, ఒక్కో కంపెనీకి కాదు. సూచీలో చచ్చేవి చస్తుంటాయి, కొత్తవి వస్తుంటాయి, మొత్తం మీద పదేళ్ళలో ఎదుగుదల ఒక హద్దు దాటదు. ఒక్క కంపెనీ అలా కాదు, పదింతలు కావచ్చు, మాయమైపోవచ్చు. గ్రాహం మాత్రం ఒక్కో కంపెనీకే వాడాడు, కానీ ఆయన చూసినవి రైల్వేలు, ఉక్కు, తోళ్ళు, గ్యాస్ కంపెనీలు. పెరగడం, తగ్గడం, మళ్ళీ పెరగడం.

నా వాడకం చెప్తాను. సిమెంటు, ఉక్కు, చక్కెర, రసాయనాలు, దాణా, ఓడలు, వీటికి పదేళ్ళ సగటు లేకుండా ముట్టుకోను. ఐటీ, సబ్బులు, పేస్టులకి తీసి చూస్తాను కానీ నిర్ణయం దాంతో తీసుకోను.

మెటల్_మస్తాన్
పబ్లిక్‌లో ఉన్న లెక్కలే చెప్తున్నాను, నాకు ఇందులో షేరు లేదు. హెచ్‌ఈజీ గుర్తుందా? ఉక్కు కొలిమిల్లో వాడే గ్రాఫైట్ ఎలక్ట్రోడ్‌లు చేస్తుంది. 2016-17లో నష్టం. కాలుష్యం చేసే కొలిమిల్ని చైనా మూయించాక ఎలక్ట్రోడ్ రేటు ఆకాశానికి వెళ్ళి 2018-19లో 3 వేల కోట్ల పైచిలుకు లాభం. 2019 మార్చిలో పీఈ 3 దగ్గర దొరికింది. మూడు! మూడేళ్ళలో పెట్టుబడి తిరిగొచ్చేస్తుందన్నారు. 2019-20లో లాభం 50 కోట్ల చుట్టూ.

టాటా స్టీల్ చూడండి. 2021-22లో 41 వేల కోట్లకి పైగా లాభం. మరుసటి ఏడాది 8 వేల కోట్లు. ఆ పై ఏడాది 4,900 కోట్ల నష్టం. ఇందులో ఏ ఒక్క ఏడాది లాభం మీద ధర కడతారు?

డల్లాస్_బావ
ఇక్కడ నా కథ వినండి. 1996 డిసెంబర్ 3న క్యాంప్‌బెల్, షిల్లర్ ఇద్దరూ అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వాళ్ళ ముందు కూర్చుని మార్కెట్ ఖరీదుగా ఉందని చెప్పారు. రెండు రోజులకే ఆ బ్యాంకు అధిపతి గ్రీన్‌స్పాన్, మార్కెట్‌కి అతి ఉత్సాహం పట్టిందేమోనని ఆ ప్రసిద్ధ ఉపన్యాసం ఇచ్చాడు. ఆ రోజు ఎస్ అండ్ పీ 744. నేను అప్పుడే హెచ్1బీ మీద దిగాను, మా బాస్ భయపడి తన 401కే (రిటైర్మెంట్ పొదుపు) మొత్తం బాండ్లలోకి మార్చాడు. 2000 మార్చికి సూచీ 1,527. రెట్టింపు! మూడేళ్ళు మా బాస్ లంచ్‌కి ఎవరితోనూ కూర్చోలేదు. 2002లో అంత పతనం తర్వాత అడుగు ఎంత? 776. గ్రీన్‌స్పాన్ మాట్లాడిన రోజు కంటే ఎక్కువే. ఇక మీ కేప్ ఎందుకు బావా?

నంబర్_నరేష్
2009 మార్చి 9న ఎంతుందో కూడా చెప్పండి బావ గారూ. 676. పన్నెండేళ్ళ తర్వాత 744 కంటే తక్కువ.

డల్లాస్_బావ
డివిడెండ్లు కలుపు.

నంబర్_నరేష్
కలుపుతాను. బాండ్ల వడ్డీ కూడా కలపనా? మీ బాస్ గెలుస్తాడు.

డల్లాస్_బావ
ఆయన 2005లోనే రిటైర్ అయి ఫ్లోరిడా వెళ్ళాడు. గెలిచాడని ఫోన్ చేసి చెప్తాను 😂 కానీ నా పాయింట్ వదలను. 1990ల మొదట్నుంచి 2008-09లో కొన్ని నెలలు తప్ప కేప్ ఆ 17 సగటు కిందకి రాలేదు. సగటుకి వచ్చాక కొంటానన్నవాడు ముప్ఫై ఏళ్ళు గట్టు మీదే కూర్చున్నాడు. ఎందుకు రాలేదంటే వడ్డీలు పడ్డాయి, లెక్కల రూల్స్ మారాయి. 2001 తర్వాత అమెరికాలో కొన్న కంపెనీ విలువ పడిపోతే వెంటనే నష్టంగా రాయాలి. ఏఓఎల్ టైమ్ వార్నర్ 2002 ఒక్క ఏడాదే దాదాపు 99 బిలియన్ డాలర్ల నష్టం చూపించింది. అది పదేళ్ళు సగటుని కిందకి లాగింది. ఫైనాన్స్ ప్రొఫెసర్ జెరెమీ సీగెల్ మొత్తుకునేది ఇదే.

సీఏ_సుబ్బు
బావ గారు ఇక్కడ బలంగా కొట్టారు. మనకీ ఇలాంటివే ఉన్నాయి. 2016-17 నుంచి పెద్ద కంపెనీలకి ఇండ్ ఏఎస్ అనే కొత్త లెక్కల రూల్స్ వచ్చాయి, ముందు వెనక లాభాలు ఒకే కొలతలో లేవు. ఇంకోటి ఎవరూ మాట్లాడరు, పన్ను. 2019 సెప్టెంబర్‌లో కంపెనీ పన్ను 30 నుంచి 22కి తగ్గింది, సర్‌చార్జీ సెస్సులతో కలిపి దాదాపు 35 నుంచి 25.17కి. వంద రూపాయల లాభం మీద ముందు 65 మిగిలేది, ఇప్పుడు 75. కంపెనీ ఏమీ చేయకుండానే ఈపీఎస్ 15 శాతం పెరిగింది. పదేళ్ళ సగటులో సగం పాత పన్ను, సగం కొత్త పన్ను. నేనైతే పన్నుకి ముందు లాభం తీసుకుని, అన్ని ఏళ్ళకీ ఇవాళ్టి పన్ను వేసి చూస్తాను.

నిఫ్టీ పీఈ కూడా అంతే. 2021 మార్చి 31 నుంచి ఎన్‌ఎస్‌ఈ స్టాండలోన్ బదులు కన్సాలిడేటెడ్ లాభాలు వాడటం మొదలెట్టింది. రాత్రికి రాత్రి పీఈ 40 నుంచి 33కి దిగింది. మార్కెట్ ఎక్కడికీ పోలేదు. దానికి ముందు, వెనక కలిపి గీత గీసి "20 ఏళ్ళ సగటు పీఈ" అని పోస్టులు పెట్టేవాళ్ళని నేను బ్లాక్ చేస్తాను.

నిఫ్టీ_నాని
అలాంటిది నేను పోయిన వారమే పెట్టాను.

సీఏ_సుబ్బు
చూశాను.

బ్యాంకు_భాస్కర్
దీని ఇంకో వైపు నేను చూశాను. ఈ పద్ధతి పట్టుకునే ఎస్‌బీఐని వదిలేశాను. 2015లో రిజర్వ్ బ్యాంకు పుస్తకాలు తెరిపించాక మొండి బాకీలన్నీ బయటపడ్డాయి, 2017-18లో 6,547 కోట్ల నష్టం. 2020లో నేను పదేళ్ళ సగటు తీస్తే ఏమంత చౌకగా కనిపించలేదు. 2024-25 లాభం 70,901 కోట్లు. వెనక్కి చూస్తూ బండి నడిపాను, ముందు రోడ్డు బాగైందని చూసుకోలేదు. కిరణ్‌ది ఎక్కువ లాభం చూసి మోసపోవడం, నాది తక్కువ లాభం చూసి మోసపోవడం.

పాతకాగితం
భాస్కర్ గారూ, మీ విషయంలో సగటు అబద్ధం చెప్పలేదు, మీరు అడగని ప్రశ్నకి అది జవాబు చెప్పలేదు. బ్యాంకు లాభంలో ఆ నష్టాలు ఏటా వచ్చేవా, ఒకసారి కడిగేసినవా అన్నది వార్షిక నివేదికే చెప్తుంది.

బ్యాంకు_భాస్కర్
2020లో ఎవరికి తెలుసు సార్ కడిగేశారని? నివేదిక చదివినవాళ్ళూ అమ్మేశారు. ఇప్పుడు చెప్పడం తేలికే.

పాతకాగితం
అది మాత్రం ఒప్పుకోవాలి. నేనూ కొనలేదు.

నంబర్_నరేష్
కిరణ్ కంపెనీకి వద్దాం. సుబ్బు గారు ఇవాళ్టికి 10 అన్నారు, దాన్ని చూసి ఎవరూ గంతులేయకండి. ఆ పదేళ్ళ మొత్తం 163లో 2021-22 ఒక్కటే 80. సగం! ఆ ఏడాది తీసేసి మిగతా తొమ్మిదింటి సగటు తీస్తే 9.2. అప్పుడు 165 ÷ 9.2 = 18. చైనాలో మళ్ళీ కరెంటు పోతుందని నమ్మితే 10, నమ్మకపోతే 18. మధ్యలో ఎక్కడో నిజం ఉంటుంది.

ఇంకో తమాషా చూడండి. 2032లో ఈ 70 కిటికీలోంచి బయటికి పోతుంది. ఆ రోజు కంపెనీలో ఏమీ జరగదు, కొలిమి అలాగే మండుతుంటుంది, కానీ సగటు మాత్రం దబ్బున పడి షేరు హఠాత్తుగా ఖరీదైపోతుంది.

వైజాగ్_వెల్డర్
పదేళ్ళే ఎందుకు? మా దాంట్లో ఒక ఎత్తు నుంచి ఇంకో ఎత్తుకి పన్నెండు, పదమూడేళ్ళు పట్టింది. 2008, తర్వాత 2021.

పాతకాగితం
పదిలో మంత్రమేమీ లేదు. గ్రాహం 5, 7, 10 అన్నాడు. ఒక పూర్తి ఎత్తు, పూర్తి పల్లం అందులో పడాలి, అంతే. మీ పరిశ్రమకి 13 అయితే 13 తీయండి.

కర్నూలు_కిరణ్
వెల్డర్ అన్నా, మీరు చెప్పాక మళ్ళీ నివేదికలు తిరగేశాను. 2020-21లో ఈపీఎస్ 21 ఉంది కదా. లాభనష్టాల పట్టిక కింద "అసాధారణ అంశాలు" అని ఒక వరుస, దాని పక్కన నోట్ 34. ఆ నోట్‌కి వెళ్తే, పాత ఫ్యాక్టరీ పక్క స్థలం అమ్మగా వచ్చింది అని ఉంది. షేరుకి 13 రూపాయలు. అసలు వ్యాపారం మీద వచ్చింది 8 మాత్రమే. నేను 2022లో "21 నుంచి 70, మూడు రెట్ల గ్రోత్" అని మా గ్రూపులో పెట్టాను. అప్పుడు ఆ 21 మీద నాకు అనుమానమే రాలేదు.

సీఏ_సుబ్బు
భేష్. 21 బదులు 8 పెడితే మొత్తం 147, సగటు 14.7, పీఈ 11. 2021-22 కూడా తీసేస్తే తొమ్మిదేళ్ళ సగటు 7.5, పీఈ 22. షేర్ల సంఖ్య ఏమైనా మారిందా? రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్మడం), క్యూఐపీ (పెద్ద సంస్థలకి కొత్త షేర్లు అమ్మడం) లాంటివి?

కర్నూలు_కిరణ్
2019లో రైట్స్ ఇష్యూ ఉంది, నాలుగుకి ఒకటి, మార్కెట్ రేటు కంటే బాగా తక్కువకి. అది కూడా సర్దాలా?

లక్ష్మి_బెజవాడ
సర్దాలి. తక్కువ రేటుకి ఇచ్చారంటే అందులో కొంత బోనస్ కలిసినట్టే. పాత ఈపీఎస్‌లు ఆ మేరకు తగ్గుతాయి. ఆ ఏడాది నివేదికలో ముందు ఏడాది ఈపీఎస్ మళ్ళీ రాసుంటారు చూడండి, మొదట రాసినదానికీ దానికీ ఉన్న నిష్పత్తి మిగతా పాత ఏళ్ళకీ వాడుకోవచ్చు.

టెక్_తేజ
ఇవన్నీ యాప్‌లో ఒక బటన్ నొక్కితే వస్తాయి కదా అన్నా?

నంబర్_నరేష్
వస్తాయి. స్థలం అమ్మిన 13 రూపాయలు కూడా కలుపుకునే వస్తాయి. యాప్ నోట్ 34 చదవదు.

ఎఫ్‌డీ_తాతయ్య
ఇంతకీ ఆ షేరు ఉంచుతావా, అమ్ముతావా నాయనా?

మోడరేటర్
తాతయ్య గారూ 🙏

కర్నూలు_కిరణ్
ఇంకా తేల్చుకోలేదు తాతయ్యా. రైట్స్ సర్దాక వచ్చిన అంకె చూసి ఆలోచిస్తాను. 165కి 22 అని వస్తే మాత్రం కొత్తగా కొనే ధైర్యం లేదు, ఉన్నవి అమ్మడానికి మనసు రావట్లేదు.

గుంటూరు_మిర్చి
మా బాబాయి కూడా ఇంకా ఆ కౌలు వదల్లేదు.

లక్ష్మి_బెజవాడ
కిరణ్, షీట్ లింక్ పెట్టు. మా కంపెనీలు అందులో పెట్టి చూసుకుంటాం.

కర్నూలు_కిరణ్
రేపు పెడతాను అక్కా. ఇప్పుడే చూశాను, 2014-15 గడిలో మైనస్ గుర్తు వేయడం మర్చిపోయాను.